డబ్బాసురుడికి కథ చదివి వినిపించిన రోజు

నేను పిల్లల కోసం సాహస కథలు రాస్తాను. ఈ మాట నా నోటితో నేనే చెప్పుకోవాల్సి వచ్చిందంటే, నా పేరు మీరెవరూ విని ఉండరనే కదా అర్థం. సోమసుందరం నా పేరు. ఏలూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఫైళ్ళు, ఆ తర్వాత సాహసం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే సాహిత్య సేవ అని గంభీరంగా చెబుతుంటాను గానీ, నన్ను చేసుకుంటానని ఎవరూ ముందుకు రాలేదు.

నా పుస్తకాల వరసకి 'దోనె దండు' అని పేరు పెట్టాను. నలుగురు పిల్లలు. ఒకరికొకరు ఏమీ కారు, నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. కొల్లేట్లో ఒక పాత దోనె మీద కలిసి బతుకుతుంటారు. తుఫాన్లు వస్తాయి, దొంగలు వస్తారు, అయినా నలుగురూ ఒకరి చెయ్యి ఒకరు వదలరు. ప్రతి పుస్తకంలోనూ ఎవడో ఒకడు "రక్తం పంచుకుంటేనే కుటుంబమా?" అంటాడు. ఆ వాక్యం రాసిన ప్రతిసారీ నా కళ్ళు నేనే తుడుచుకున్నాను. ఇలాంటివి ఆరు అచ్చయ్యాయి. ఆరింటిలోనూ కొల్లేరే. నేను మాత్రం ఇంతవరకూ దోనె ఎక్కలేదు. నాకు నీళ్ళంటే భయం. బకెట్లో ఉంటే ఫరవాలేదు.

బొమ్మలు ఉషశ్రీ వేస్తుంది. తాడేపల్లిగూడెంలో ఫ్లెక్సీల షాపులో డిజైనింగు పని ఆ అమ్మాయిది. పెళ్ళి ఫ్లెక్సీలకూ పుట్టినరోజు ఫ్లెక్సీలకూ మధ్య తీరిక దొరికితే నా దండుని గీస్తుంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ముందు 'మాస్టారూ' అని మర్యాదగా పిలిచి, ఆ తర్వాత అనాలనుకున్నదంతా అంటుంది. మొదటి పుస్తకంలో "చుక్కాని గిర్రున తిప్పాడు" అని నేను రాస్తే, దోనె మధ్యలో కారు స్టీరింగు వేసి పంపింది. ఇదేమిటమ్మా అంటే, "దోనెకి చుక్కాని ఎక్కడుంటుంది మాస్టారూ? మీరు లేనిది రాశారు, నేను లేనిది వేశాను," అంది. ఆ బొమ్మ అలాగే అచ్చయింది. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఎవరైనా చదివి ఉండాలి కదా.

అభిమానులు ఫోన్ చేస్తారన్న ఆశతో వెనక అట్ట మీద నా నంబరు వేయించాను. ఆరేళ్ళలో ఒకే ఒక్కాయన చేశాడు, గ్యాస్ సిలిండరు ఇంకా రాలేదని. రెండో ఫోను పోయిన డిసెంబరులో ఒక బుధవారం మధ్యాహ్నం, ఆఫీసులో నేను క్యారేజీ విప్పుతుండగా వచ్చింది.

"దోనె దండు రాసింది మీరేనాండీ?" అంది ఒక ఆడపిల్ల గొంతు.

నా ఆనందం చెప్పనలవి కాదు. "నేనేనమ్మా! నీ పేరేమిటి? ఏ క్లాసు? ఏ పుస్తకం బాగా నచ్చింది?"

"దుర్గాభవాని అండి. ఆరో తరగతండి. కలిదిండి దగ్గరండి మాది. ఏదీ నచ్చలేదండి."

ఇంత స్పష్టమైన విమర్శ నాకు అప్పటిదాకా రాలేదు. గొంతు సవరించుకుంటుంటే ఆ పిల్లే మళ్ళీ అంది.

"'డబ్బాసురుడి ఆట కట్టు' పుస్తకంలో డబ్బాసురుడున్నాడు కదండీ. ఆయన మా బాబాయండి."

డబ్బాసురుడు నా ఆరో పుస్తకంలో విలను. నూనె డబ్బా వాయిస్తూ, టపాకాయలు పేలుస్తూ కొల్లేటి పిట్టలన్నిటినీ హడలగొడతాడు. ఇంతింత మీసాలు, ఎర్రటి కళ్ళు. చివర్లో దండు పిల్లలు నలుగురూ కలిసి అతణ్ణి కొల్లేరు దాటేదాకా తరిమేస్తారు. నేను రాసినవాటిలో అదే బాగా కుదిరిందని నా అభిప్రాయం. నాది తప్ప ఇంకొకరి అభిప్రాయం లేదు కూడా.

"అది కథమ్మా," అన్నాను పెద్దరికంగా. "కథలో మనుషులు నిజం మనుషులు కారు."

"మీసం నిజమేనండి. టపాకాయ పేలి కుడి చెవి కొస తెగిందండి, అదీ వేశారండి. మెళ్ళో విజిలు కూడా వేశారండి. మీరు మా చెరువు కాడికొచ్చి ఫోటో తీసుకెళ్ళారండి. పుస్తకంలో పెడతానన్నారంట. రెండేళ్ళు ఎదురుచూశాడండి మా బాబాయి. నా బొమ్మ పుస్తకంలో వస్తదని అందరికీ చెప్పుకున్నాడండి."

క్యారేజీ మూత నా చేతిలోనే ఉండిపోయింది. మిగతా సంగతి కూడా ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పోయిన నెలలో ఎవరో దాత వాళ్ళ బడికి నా పుస్తకాలు పంచిపెట్టాడు. పిల్లలు పేజీ తిప్పారు, బొమ్మ చూశారు, గుర్తుపట్టారు. ఆ రోజు నుంచి వాళ్ళ బాబాయి బుల్లిరాజు ఊరందరికీ డబ్బాసురుడు, ఈ పిల్ల డబ్బాసురుడి కూతురు. ఆయన సైకిలు మీద భవానిని దింపడానికి వస్తే గోడ చాటున నక్కి మధ్యాహ్న భోజనం పళ్ళాలు వాయిస్తున్నారు. సాయిరామ్ అని ఒకడు మరీ రెచ్చిపోతే ఈ పిల్ల జామెట్రీ బాక్సుతో కొట్టింది. వాడి ముందు పన్ను సగం విరిగింది. హెడ్మాస్టరు కబురు పెడితే బుల్లిరాజు వెళ్ళి అందరికీ దణ్ణాలు పెట్టి వచ్చాడు. వచ్చి ఒక నిర్ణయం తీసుకున్నాడు.

"సోమవారం నన్ను ఏలూరు హాస్టల్లో దింపేసి, ఆయన నెల్లూరు వైపు చెరువులకి పోతాడంటండి. ఇంక ఇటు రాడంటండి. నాకు ఆయన తప్ప ఎవరూ లేరండి. మా నాన్న సత్యానందం అండి, ఆయనా మా బాబాయీ కలిసి చెరువు కాపలా చేసేవోరండి. నా అయిదో ఏట నాన్న పోయాడండి. అప్పట్నుంచీ ఈయనే పెంచాడు. సొంత బాబాయి కాదండి. మీరు రాసింది మీరే వచ్చి చెరపండి. సోమవారం లోపలే రావాలండి."

పెట్టేసింది.

ఇంకెవరైనా అయితే అప్పటికప్పుడు బస్సెక్కేవారు. నేను ముందు అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కుని, ఈ తప్పు ఎవరి మీదికి తొయ్యొచ్చా అని ఆలోచించాను. ఎక్కువసేపు ఆలోచించక్కర్లేకపోయింది. ఉషశ్రీకి ఫోన్ చేసి ఇంతెత్తున ఎగిరాను. "నిజం మనిషిని అలా అచ్చు దింపేస్తావా? ఆ మాత్రం మార్చి వెయ్యాలని తెలియదా?"

ఆమె ఫోన్ పెట్టేసి, రెండేళ్ళ కిందటి వాట్సాప్ మెసేజి తిప్పి పంపింది. నేను పంపిన ఫోటో. దాని కింద నేను రాసిన అక్షరాలు: "విలన్ దొరికాడు! మీసం చూడు! కళ్ళు ఎర్రగా చెయ్యి. చెవి మాత్రం అలాగే ఉంచు, మంచి భయంకరంగా ఉంది." పక్కన పళ్ళికిలిస్తున్న పసుపు మొహాలు మూడు. అవి కూడా నావే.

వెంటనే ఇంకో మెసేజి వచ్చింది. "ఫోటోలో ఆ చివర నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డ పిల్ల ఎవరు మాస్టారూ?"

ఫోటో పెద్దది చేసి చూశాను. తొమ్మిదేళ్ళ పిల్ల, స్టీలు గ్లాసు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పుస్తకం కోసం 'క్షేత్ర పరిశోధన' అని పేరు పెట్టుకుని ఒక పూట కలిదిండి వెళ్ళాను. మొత్తం పరిశోధన రెండు గంటలు, అందులో గంటన్నర కైకలూరు హోటల్లో చేపల పులుసుతో గడిచింది. మిగిలిన అరగంటలో ఈ బుల్లిరాజు కనిపించాడు. దోనెలో తిప్పి చూపిస్తాను రండి మాస్టారూ అన్నాడు. డాక్టరు వద్దన్నాడని అబద్ధమాడాను. ఆ పిల్ల నీళ్ళిచ్చింది, తాగాను. ఎవరమ్మా నువ్వు అని అడగలేదు. నా అన్నవాళ్ళు లేని పిల్లలు ఒక కుటుంబం కావడం గురించి ఆరు పుస్తకాలు రాసిన మహానుభావుణ్ణి, అలాంటి కుటుంబం ఎదురుగా నిలబడి మంచినీళ్ళిస్తే మీసాన్ని ఫోటో తీసుకుని వచ్చేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. సిగ్గుతో ఆ సాయంత్రం ఫైళ్ళన్నీ తప్పులు రాశాను.

శనివారం పొద్దున్నే ఉషశ్రీ ప్యాసింజరులో ఏలూరు వచ్చింది. నేను రమ్మనలేదు. "మిమ్మల్ని ఒక్కరినే పంపితే ఇంకో పుస్తకం రాసుకొస్తారు," అని తనే వచ్చింది. కైకలూరు బస్సులో కూర్చున్నాక, నేను రెండు రోజులు కూర్చుని రాసిన క్షమాపణ పత్రం చదివి వినిపించాను. నాలుగు పేజీలు.

"ఎలా ఉంది?" అన్నాను.

"మధ్యలో ఊపిరి పీల్చుకోండి మాస్టారూ, ఆయాసం వస్తుంది," అని కిటికీ వైపు తిరిగింది.

కలిదిండి దాటాక ఆటో చెరువు గట్టు మీద దింపింది. ఎటు చూసినా చేపల చెరువులే. నీళ్ళలో పాతిన కర్రలకి చేపల మేతకని తవుడు సంచులు వేలాడుతున్నాయి. గట్టు పొడుగునా పిట్టల్ని బెదిరించడానికి కట్టిన రిబ్బన్లు గాలికి రెపరెపలాడుతున్నాయి. అవతలి గట్టు మీద కొంగలు వరసగా నిలబడి మావైపే చూస్తున్నాయి. గట్టు చివర రేకుల షెడ్డు, దాని ముందు బుల్లిరాజు. మీసం మా బొమ్మలో దానికంటే చాలా చిన్నది.

నన్ను చూడగానే గబగబా ఎదురొచ్చాడు. కొడతాడనుకుని నేను ఉషశ్రీ వెనక్కి జరిగాను.

"రండి మాస్టారూ, రండి! అమ్మాయిగారూ, ఇలా నీడకి రండి. భవానీ, మంచం వాల్చమ్మా!"

తిడితే బాగుండేది. తిడితే కనీసం అలిగే హక్కయినా ఉంటుంది. ఆయన టీ పెట్టాడు. పంచదార సరిపోయిందాండీ అని అడిగాడు. భవాని మంచం వాల్చి, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. రెండు జడలు మడిచి బిగించి కట్టి ఉన్నాయి. షెడ్డులో ఒక మూల తాళం వేసిన రేకు పెట్టె సిద్ధంగా ఉంది.

"సోమవారం మా బడి ప్రేయర్లో నిలబడి చెప్పాలండి మీరు, రాసిందంతా అబద్ధమని," అంది.

"చెప్తానమ్మా."

"ముందు ఆయనకి చెప్పండి."

నాలుగు పేజీలూ తీశాను. "మాన్యులు శ్రీ బుల్లిరాజు గారికి" అని మొదలుపెట్టేసరికి ఆయన పాపం లేచి నిలబడ్డాడు. రెండో పేజీలో సాహిత్య ప్రయోజనం వచ్చింది, మూడో పేజీలో సమాజం వచ్చింది. ఆయన ప్రతి వాక్యానికీ "ఆయ్" అంటూ తలూపాడు. అయిపోయాక నేను చెమట తుడుచుకుంటుంటే ఉషశ్రీ లేచి, "ఆ బొమ్మ వేసింది నేనండి. తప్పయిపోయింది, క్షమించండి," అంది. నా నాలుగు పేజీల పని రెండు ముక్కల్లో అయిపోయింది.

"అయ్యో, అదేం మాటమ్మా!" అన్నాడు బుల్లిరాజు. "మీసం చాలా బాగా కుదిరిందమ్మా. కళ్ళే... నాకు ఎర్రకళ్ళుండవండి. మందు అలవాటు లేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు మనసు కష్టపెట్టుకోకండి మాస్టారూ. చదువుకున్నోరు ఊరికే రాయరు కదండీ. నేను పిట్టల్ని అదిలించే మాట నిజమే."

"అది మీ ఉద్యోగం కదండీ!"

"ఉద్యోగమేనండి. రైతు చేప కాపాడాలి కదా మరి. కానీ వాటి నోటికాడ కూడు లాగేది నేనే కదండీ. ఆ మాట ఎవరో ఒకరు రాయాల్సిందే." షెడ్డు ముందున్న నూనె డబ్బా దగ్గరికి వెళ్ళి రెండు దెబ్బలు వేసి, గట్టు మీది కొంగలు లేచాక వచ్చి కూర్చున్నాడు. "నా సంగతి వదిలెయ్యండి. పిల్ల బాగా చదువుద్దండి. నేను ఎనకాల ఉన్నంత కాలం దానికి ఈ పేరు పోదు. నేను కనపడకపోతే నాలుగు రోజులకి అందరూ మర్చిపోతారు. హాస్టలు వాళ్ళతో మాట్లాడేశానండి."

భవాని ఏడవలేదు. వెళ్ళి ఆ రేకు పెట్టెని కాలితో ఒక్క తన్ను తన్ని మళ్ళీ వచ్చి నిలబడింది.

నేను ఏవేవో చెప్పాను. రెండో ముద్రణలో బొమ్మ మారుస్తానన్నాను. మొదటి ముద్రణే ఇంకా మా ఇంట్లో మంచం కింద కట్టలుగా పడి ఉందని మాత్రం చెప్పలేదు. ఆయన అన్నిటికీ "అలాగేనండి" అన్నాడు. నిర్ణయం మాత్రం ఇసుమంత కదల్లేదు. చివరికి తనే చేతులు కట్టుకుని అడిగాడు.

"ఒక్క సాయం చేసి పెడతారాండీ? నాకు చదువు రాదు. సంతకం వరకేనండి. బొమ్మలైతే చూశాను గానీ కథేంటో తెలీదు. దీన్ని చదవమంటే ఎంత అడిగినా చదవదు. మీరే వచ్చారు కదా, చదివి వినిపించండి. పోయేముందు నేనేం చేశానో తెలుసుకుంటానండి."

ఉషశ్రీ వైపు చూశాను, ఆమె ఆకాశం వైపు చూసింది. భవాని లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

చదివాను. మొదటి పేజీ నుంచి. నా జీవితంలో నా పుస్తకం ఎవరికైనా చదివి వినిపించడం అదే మొదలు, అదీ విలనుకి. రెండో పేజీలోనే ఆపేశాడాయన.

"తెడ్లంటున్నారేంటండీ? కొల్లేట్లో తెడ్లెందుకు? గెడకర్ర వేసి నెట్టుకుపోతారండి. నీళ్ళు మనిషి లోతు కూడా ఉండవు కదా."

మనిషి లోతు కూడా ఉండవట! ఆరేళ్ళుగా నేను ఆ నీళ్ళలో ఓడలు ముంచేస్తున్నాను. ఉషశ్రీ నా వైపు చూసి కళ్ళెగరేసింది. నాలుగో పేజీలో మండువేసవిలో వేలకొద్దీ గూడబాతులు వచ్చి వాలాయి. "వేసవిలో ఎక్కడివండీ?" అని మళ్ళీ ఆపాడు. "ఆ సంచి ముక్కువి కార్తీకం దాటాక గానీ ఇన్నిన్ని దిగవు." అయినా కథ మీద ఆయనకి కోపం రాలేదు. దండులో చిన్నవాడు వానలో తడిసి నిద్రపోతే, "పాపం, ఏదైనా కప్పండమ్మా," అన్నాడు పుస్తకంతో. తర్వాత అడిగాడు.

"ఈ నలుగురికీ అన్నం ఎవరు వండుతారండీ?"

ఆరు పుస్తకాల్లో ఎవరూ ఒక్క పూట అన్నం వండలేదు.

"ఆ ఆడపిల్లకి జడెవరేస్తారు? ఆ చిన్నోడా? ముడి రాదండి ఊరికే. నాకు నాలుగు నెలలు పట్టింది."

ఉషశ్రీ భవాని జడల కేసి చూసింది. నేనూ చూశాను. రిబ్బన్లు వల కట్టే ముడితో కట్టి ఉన్నాయి. పేజీ తిప్పాను. సరిగ్గా అప్పుడే ఆ వాక్యం వచ్చింది. "రక్తం పంచుకుంటేనే కుటుంబమా?" అని చదివాను, వీలైనంత నెమ్మదిగా, వినపడకపోతే బాగుండునని.

"బాగా చెప్పాడండి కుర్రోడు," అన్నాడు బుల్లిరాజు.

ఆ తర్వాత డబ్బాసురుడు గూళ్ళలో గుడ్లు పగలగొట్టి వికటంగా నవ్వాడు. నేను తలెత్తలేదు. ఆయన చిన్నగా అన్నాడు, "గుడ్లు నేనెప్పుడూ ముట్టుకోలేదండి."

"నాకు తెలుసండీ."

"మరెందుకు రాశారండీ?"

నిలదీసినట్టు అడగలేదు. తెలియక అడిగాడు.

"కథకి విలను కావాలండీ," అన్నాను.

"ఓహో," అన్నాడు. "అవున్లెండి, కావాలి కదా మరి."

నేను తిన్న చీవాట్లు చాలానే ఉన్నాయి. ఆఫీసులో నెలకొకటి తింటాను. వాటిలో ఏదీ ఇంతగా తగల్లేదు.

చివరి పేజీకి వచ్చాం. పిల్లలు డబ్బాసురుణ్ణి తరిమేశారు. డబ్బా నీళ్ళలో పారేసి, తలొంచుకుని, గట్టు వెంట ఒక్కడే నడిచి వెళ్ళిపోయాడు. అక్కడిదాకా చదివి ఆగిపోయాను. కింద ఇంకా రెండు వాక్యాలున్నాయి. అవి రాసినప్పుడు పెన్ను పక్కన పెట్టి, లేచి, గదిలో అటూ ఇటూ నడిచి, శభాష్ సోమసుందరం అనుకున్నాను. ఇప్పుడు వాటిని దాటేశాను.

"...నడుస్తూ నడుస్తూ బుద్ధి తెచ్చుకుని, వెనక్కి వచ్చి అందరితో కలిసి భోంచేశాడు. కథ అయిపోయిందండీ," అని పుస్తకం టక్కున మూసేశాను. సొంతంగా కల్పించడం నాకు వచ్చిన విద్యే కదా.

"అలా లేదండి," అంది భవాని. "నలభై ఎనిమిదో పేజీ. ఉన్నది చదవండి."

"వదిలెయ్యమ్మా..."

"చదవండి."

తీశాను. "ఎక్కడికి వెళ్ళాడో ఎవరికీ తెలియదు. అతని కోసం ఏడ్చినవాళ్ళు ఒక్కరు కూడా లేరు."

బుల్లిరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అంతేనండీ," అన్నాడు. "అలా పోతేనే అందరికీ మంచిది. బాగా రాశారు మాస్టారూ."

అప్పుడు భవాని ఏడ్చింది. పళ్ళు విరగ్గొట్టిన పిల్ల, పెట్టెలు తన్నిన పిల్ల, నన్ను ఫోన్లో గడగడలాడించిన పిల్ల, ఒక్కసారిగా నోరంతా తెరిచి బావురుమంది.

"ఎందుకు లేరు? నేను లేనా? నేనేడుస్తాను! నువ్వెళ్ళిపోతే రోజూ ఏడుస్తాను బాబాయ్! హాస్టల్లో అన్నం తినను, జడ వేయించుకోను, ఎవరితోనూ మాట్లాడను!"

బుల్లిరాజు కంగారుపడి లేచాడు. "అదేంటమ్మా! హాస్టలంటే నువ్వేమీ అనలేదుగా మరి!"

"నువ్వు అడిగావా? వెళ్తావా అని అడిగావా? వెళ్తున్నావని చెప్పావు!"

"నేనుంటే నీకు సిగ్గుగా ఉంటుందనుకున్నానమ్మా. అందుకే కదా కొట్లాడుతున్నావు..."

"సిగ్గయితే వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని! పన్నెందుకు విరగ్గొడతాను?"

ఆయన అలాగే నిలబడిపోయాడు. ఆ సంగతి ఆయనకి తట్టలేదు, హెడ్మాస్టరుకి తట్టలేదు, నాలుగు పేజీలు రాసిన నాకూ తట్టలేదు. మరుక్షణం భవాని వెళ్ళి ఆయన నడుం చుట్టేసింది. ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, ఇంకో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఉంచి, చివరికి దాన్నీ అక్కడే పెట్టాడు. మీసం వణుకుతోంది. ఉషశ్రీ చున్నీతో కళ్ళొత్తుకుంది. నేను ఏడ్చానా అంటే, నా సంగతి ఇప్పుడెందుకు లెండి, ఏడ్చాను.

ఇంతలో చెరువు నడిమధ్యన దభదభమని నీటికాకులు దిగాయి. నల్లటి గుంపు, వందకి తక్కువ ఉండవు. దిగడం దిగడం మునకలు మొదలుపెట్టాయి.

"కాకులు దిగాయి బాబాయ్," అంది భవాని ఆయన చొక్కాలోంచే, వెక్కుతూ.

"దిగనీ," అన్నాడు. ఒక్క క్షణం ఆగి తల మాత్రం నా వైపు తిప్పాడు. "మాస్టారూ, రైతు చూస్తే నన్ను ఊరుకోడు. ఆ డబ్బా కాస్త మీరు వాయించండి. నాకు చెయ్యి ఖాళీ లేదు."

వాయించాను. ముందు మొహమాటంగా వాయించాను. కాకులు నన్ను లెక్కచేయలేదు. తర్వాత ఉషశ్రీ "గట్టిగా మాస్టారూ!" అని అరిస్తే ఒళ్ళు మండి, గట్టు వెంట పరిగెడుతూ, నోటికొచ్చినట్టు కేకలేస్తూ వాయించాను. చెప్పు ఒకటి బురదలో ఊడిపోయింది. సగం కాకులు లేచాయి, తక్కినవి తిని తీరిగ్గా లేచాయి.

ఆయాసపడుతూ వచ్చేసరికి బుల్లిరాజు మంచం మీద కూర్చుని హాస్టలు వార్డెనుకి ఫోన్ చేస్తున్నాడు. స్పీకరు పెట్టాడు. భవాని పక్కనే ఆయన జబ్బ పట్టుకుని కూర్చుంది, వదిలితే ఎక్కడికి పోతాడోనని.

"మేడం గారూ, నేనండి, కలిదిండి బుల్లిరాజునండి. సోమవారం పిల్లని తేవట్లేదండి."

"అదేంటండీ, సీటు ఉంచమని బతిమాలారు కదా?" అంది అవతలి గొంతు విసుగ్గా. "అప్లికేషన్లో గార్డియను అని రాసుంది. తండ్రి కాదు కదా మీరు? అసలు ఏమవుతారు ఆ అమ్మాయికి? ఇంట్లో వేరే ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి."

బుల్లిరాజు తడబడ్డాడు. "అదేనండి... అంటే... వాళ్ళ నాన్నా నేనూ..." అని నసుగుతుంటే భవాని చటుక్కున ఫోను లాక్కుంది.

"నేనే ఇంట్లో ఉన్న వేరే మనిషినండి. నేను రానండి. ఎవరూ లేనోళ్ళు ఉంటారు కదండీ, ఆ సీటు వాళ్ళకివ్వండి," అని ఫోను ఆయన ఒళ్ళో పెట్టి, ఆయన చొక్కా చేతితోనే ముక్కు తుడుచుకుంది.